మినుముల బేరానికి రంగం వెళ్ళాను

మన ఇళ్ళల్లో ఇడ్లీకి రుబ్బే మినపప్పు, పండుగనాడు గారెలకు నానబోసే మినపప్పు సముద్రం దాటి వచ్చిందేమోనని ఏ ఇల్లాలూ అనుకోదు. కాని మన దేశానికి బయటినుంచి వచ్చే మినుముల్లో చాలా భాగం బర్మావే. ఆ మినుముల బేరం మీదనే 2017 ఫిబ్రవరిలో నేను రంగూను వెళ్ళవలసివచ్చింది. విజయవాడలో ఒక పప్పు మిల్లుకు సరుకు చూసి కొనిపెట్టడం నా ఉద్యోగం. పదకొండు రోజుల మకాం.

రంగూను పేరును 1989లో యాంగోను అని మార్చారు. దేశం పేరు మయన్మారు అయింది. 2005 చివర రాజధానిని కూడా నేపిడాకు తరలించడం మొదలుపెట్టారు. మన ఉత్తరాంధ్ర ముసలివాళ్ళకు మాత్రం అది రంగూనూ కాదు, యాంగోనూ కాదు, 'రంగం'. ఫలానావాడు రంగం పోయాడంటే పొట్ట చేతపట్టుకుని పోయాడని అర్థం. తిరిగి రావడం, రాకపోవడం దైవాధీనం.

కలకత్తాలో ఎక్కిన విమానం సుమారు రెండు గంటల్లో దింపేసింది. గడియారం ఒక గంట ముందుకు తిప్పుకున్నాను. ఊళ్ళోకి వస్తుంటే మొదట కలిగిన ఆశ్చర్యం కార్లను గురించి. 1970లో అక్కడి ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో ఎడమపక్క నడిచే బళ్ళన్నిటినీ కుడిపక్కకు మార్చింది. కాని తిరిగే కార్లలో చాలావరకు జపానునుంచి వచ్చిన పాతవి. వాటి స్టీరింగు కుడివైపే. అందువల్ల ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏం వస్తున్నదో డ్రైవరుకు కనబడదు. ఎడమపక్క కూర్చున్న నేను తొంగిచూసి చెయ్యి ఊపితే అతను దాటేవాడు. రెండు రోజుల్లో ఆ విద్యలో ఆరితేరాను!

ఊరి నడుమ సూలే పగోడా. దాని చుట్టూ గళ్ళకాగితం మీద గీసినట్లు తిన్నని వీధులు. చాలా వీధులకు పేర్లు లేవు, అంకెలే. పాత మేడల పై అంతస్తులనుంచి వీధిలోకి తాళ్ళు వేలాడుతుంటాయి. తాడు చివర ఒక క్లిప్పు, పైన గంట. పేపరు కుర్రవాడు పేపరును క్లిప్పుకు తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది. ఇంటావిడ పైకి చేదుకుంటుంది. నాలుగంతస్తుల మెట్లెక్కే బాధ లేదు. మన పట్టణాలలో ఎవరికీ ఈ ఊహ ఎందుకు తట్టలేదో!

ఆడవాళ్ళ బుగ్గలమీద లేత పసుపురంగు పూత కనబడుతుంది. అది తనకా. ఒక చెట్టు బెరడును మనం గంధం తీసినట్లే సాన మీద అరగదీసి పూసుకుంటారు, ఎండకు చలువ. మగవాళ్ళు కార్యాలయాలకు కూడా లుంగీలే కట్టుకుని వెడతారు. వీధి పక్కన టీకొట్లలో జానెడెత్తు ప్లాస్టిక్కు పీటలు వేసి ఉంటాయి. కుర్రవాణ్ణి పిలవాలంటే పెదవులతో ముద్దు చప్పుడు చేస్తారు. మొదటిసారి విన్నప్పుడు నేను తల వంచుకున్నాను గాని, అందులో తప్పేమీ లేదట.

నా పని బయింట్‌నాంగ్ బజారులో. పప్పుధాన్యాల టోకు వ్యాపారమంతా అక్కడే. బస్తాల వరుసల మధ్య కంచాలలో నమూనాలు పోసి ఉంటాయి. సన్నం, లావూ కలిసిన సరుకు ఒక రకం; ఏరిన లావు గింజ ఒక రకం, దాని ధర ఎక్కువ. గుప్పెట్లోకి తీసుకుని, రెండు గింజలు పంటికింద కొరికి, తేమ ఎంతో, రాయీ మట్టీ ఎంతో చూడడం మా వృత్తి. మినుములను వాళ్ళు 'మాట్‌పే' అంటారు. విచిత్రమేమంటే పండించే దేశంలో వాటిని తినేవాళ్ళు బహు తక్కువ. వానాకాలపు వరి కోసిన పొలంలో మిగిలిన తేమ మీదనే చల్లి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీస్తారు. మన కృష్ణా డెల్టాలో వరి మాగాణుల్లో మినుము పండించే పద్ధతీ దాదాపు అదే. ఆ పంటలో చాలా భాగం మనకోసమే.

రెండవ రోజున ఒక దుకాణంలో కూర్చుని ఇంటికి ఫోను చేసి మాట్లాడుతున్నాను. లెక్కలు రాస్తున్న ముసలి గుమాస్తా కలం ఆపి నావంక చూశాడు. నేను ఫోను పెట్టగానే అడిగాడు:

"ఏ ఊరు బాబూ మనది?"

నా చెవులను నేను నమ్మలేకపోయాను. తలపండిన మనిషి, లుంగీ, బర్మా చొక్కా, నోటినిండా కిళ్ళీ. "విజయవాడండీ. మరి మీది?" అన్నాను.

"మా తాతది టెక్కలి కాడని సెప్పీవోడు. నేనెప్పుడూ సూళ్ళేదు" అన్నాడు.

ఆయనకు డెబ్బైరెండేళ్ళు. బడిలో పెట్టిన బర్మా పేరు ఒకటి, ఇంట్లో పిలిచే సింహాచలం దేవుడి పేరు ఒకటి. పుట్టిందీ పెరిగిందీ రంగూనులోనే.

ఆయనవంటివారు అక్కడికి ఎలా చేరారో పిల్లలకు తెలియకపోవచ్చు. 1937 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో భాగమే. అక్కడ వరి వ్యాపారం పెరిగి, మిల్లులకూ రేవుకూ కూలీలు కావలసివచ్చారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలనుంచి జనం ఓడలెక్కారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదుగా తెలుగువాళ్ళను అక్కడ 'కోరంగీలు' అనేవారు. 1931 నాటికి రంగూను జనాభాలో సగానికి పైగా మన దేశస్థులే. అంతకు ముందటి ఏడు, 1930 మే నెలలో, రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. దొరల కంపెనీలు వారి స్థానంలో బర్మావాళ్ళను పెట్టి, సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నాయి. ఆ మంట తెలుగు కూలీలమీదికి తిరిగింది; అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. ఇద్దరు పేదవాళ్ళ మధ్య పెట్టిన చిచ్చు అది.

తరువాత 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాయి. లక్షలాది భారతీయులు ఊరు విడిచారు. అడవులూ కొండలూ దాటి నడిచివచ్చినవారిలో వేలమంది దారిలోనే రాలిపోయారు. మిగిలినవాళ్ళకు 1964లో మరో దెబ్బ తగిలింది. సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసింది; యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నది. సుమారు మూడు లక్షలమంది తిరిగివచ్చారు. డబ్బూ నగలూ పెద్దగా తెచ్చుకోనివ్వలేదు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అని పేరున్న పేట ఆ కాందిశీకులదే.

గుమాస్తాగారి అక్క ఆ ఓడల్లోనే వచ్చేసింది, అత్తవారితో. ఆయన తండ్రి మాత్రం కదలలేదు. రేవులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఈ గాలివాన వెలుస్తుందనుకున్నాడు. అక్కకు ఇరవైమూడేళ్ళు, తమ్ముడికి పందొమ్మిది. మళ్ళీ కలుసుకోలేదు.

ఆదివారం నాడు నన్ను ఇంటికి పిలిచారు. మూడవ అంతస్తులో ఒకే గది. గోడకు బుద్ధుడి పటం, పక్కనే సింహాద్రి అప్పన్న పటం. ఆయన భార్య బర్మా స్త్రీ. తెలుగు రాదు, కాని చేపల పులుసు మాత్రం మన పద్ధతిలోనే పెట్టింది. భోజనమైన తరువాత ఆయన ఒక రేకుపెట్టె తీసి, మడతలు చినుగుతున్న ఉత్తరం ఒకటి నా చేతిలో పెట్టారు. 1987లో వచ్చినది. అక్క చెప్పగా ఆమె కూతురు రాసింది. ఆయనకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. కింది అంతస్తులోని పెద్దమనిషి చదివిపెట్టేవాడట. ఆయన పోయి పదేళ్ళయింది.

గట్టిగా చదవడం మొదలుపెట్టాను. అందరూ క్షేమం. రేషను బియ్యం బాగుండడం లేదు. పిల్ల పదో తరగతి ప్యాసయింది. అమ్మ ఫోటో ఉంటే పంపమని. ఆ తరువాత రెండు వాక్యాలు కంటబడి నా గొంతు ఆగింది. ఆయన నా ముఖమే చూస్తున్నారు.

"సదువు బాబూ. అందులో ఏటున్నాదో అంతా సదువు" అన్నారు.

చదివాను. నాన్న ఆనాడు ఓడ కాగితం మీద వేలిముద్ర వేసి ఉంటే అమ్మ చివరి చూపు తనకు దక్కేదని, ఆ మొండితనాన్ని తాను ఈ జన్మలో క్షమించలేనని ఉంది. నువ్వైనా చెప్పలేకపోయావా తమ్ముడూ అని ఉంది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "ఆ ముక్క ఆయన ఎప్పుడూ సదవలేదు. నాకు నొప్పి తగులుద్దని దాసినాడు కాబోలు" అన్నారు. ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టి, "ఇన్నేళ్ళూ నేను దానికి జవాబు రాయించలేదు. అది అడిగిందని తెలిస్తే కదా" అన్నారు.

ఆ సాయంత్రం నన్ను ష్వేడగాన్ పగోడాకు తీసుకువెళ్ళారు. మెట్లకిందనే చెప్పులే కాదు, మేజోళ్ళు కూడా విప్పాలి. బంగారు రేకులు తాపిన ఆ గోపురం ఎత్తు వంద మీటర్లకు కొంచెం తక్కువ. చుట్టూ వారాలకు గుర్తులున్న పీఠాలు ఉన్నాయి. బర్మాలో పుట్టిన వారం ముఖ్యం. బుధవారాన్ని రెండుగా చీల్చి, మధ్యాహ్నం తరువాతి భాగాన్ని రాహువుకిచ్చారు. ఎవరి వారపు విగ్రహానికి వారు నీళ్ళు పోస్తారు. గుమాస్తాగారు మంగళవారం సింహం దగ్గర తనకోసం పోశారు. తరువాత శుక్రవారం పీఠానికి వెళ్ళి అక్కడా పోశారు. అది ఎవరికోసమని నేను అడగలేదు.

నా బేరం తొమ్మిదో రోజున కుదిరింది. ధర ఇంకా దించమని విజయవాడనుంచి ఫోను మీద ఫోను. దుకాణం యజమాని నవ్వి గుమాస్తాగారిచేత చెప్పించాడు: "మీరు కొనకపోతే దీన్ని మేం వండుకునైనా తినలేం". ఆ మాటలోని నిజం ఆరు నెలల్లోనే తెలిసింది. 2015లో మన దేశంలో మినపప్పు కిలో నూటయాభై దాటి జనం గగ్గోలు పెట్టారు. ఆ ధర చూసి ఇక్కడి రైతూ, అక్కడి రైతూ విరివిగా వేశారు. 2017లో మన రైతుకు గిట్టుబాటు లేకపోయింది. ఆగస్టులో మన ప్రభుత్వం మినుము, పెసల దిగుమతికి ఏడాదికి మూడు లక్షల టన్నుల హద్దు పెట్టింది. మన రైతును కాపాడక తప్పదు. ఆ ఉత్తర్వును నేను తప్పుపట్టను. కాని రంగూనులో ధర కుప్పకూలింది. దుకాణంలో ముగ్గురిని మానిపించారు. వారిలో గుమాస్తాగారు ఒకరు.

ఆ సంగతి ఫోనులో చెబుతూ ఆయన ఉద్యోగం ఊసు రెండు మాటల్లో ముగించారు. "కంచరపాలెంలో ఓపాలి కనుక్కోగలవా బాబూ" అన్నారు.

డిసెంబరులో విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఉత్తరం మీది చిరునామా పట్టుకుని తిరిగాను. ఇల్లు మారింది గాని పేటలో తెలియనివాళ్ళు లేరు. అక్క 2009లో పోయింది. ఉత్తరం రాసిన కూతురు ఉంది. ఆవిడకే ఇప్పుడు మనుమలు. సంగతి చెప్పి ఫోను కలిపి ఇచ్చాను. మొదట ఇద్దరికీ మాట పెగలలేదు. తరువాత ఆవిడ, "మావా, తిన్నావా?" అంది.

2021 ఫిబ్రవరిలో అక్కడ మళ్ళీ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. అదే ఏడు మన ప్రభుత్వం ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు అయిదేళ్ళపాటు కొనడానికి ఒప్పుకుంది. బస్తాలకు దారి దొరికింది. మనుషులకే ఇంకా దొరకలేదు. మామ టెక్కలి చూడలేదు, కోడలు రంగం చూడలేదు. వారానికొకసారి ఫోనులో మాట్లాడుకుంటారు. అమ్మమ్మ ఫోటో మాత్రం వచ్చింది. కంచరపాలెంలో గోడకు కట్టించి పెట్టుకున్నారు.