మనం జెర్సీ కొంటే వాడు ఊరు వదుల్తాడు

పోయిన శనివారం బేస్‌మెంట్లో చలికోట్ల పెట్టె దించుతుంటే మూడు నీలం జెర్సీలు జారి కాళ్ల మీద పడ్డాయి. మూడూ టొరంటో మేపుల్ లీఫ్స్ హాకీ జట్టువే. ఒకదాని వెనక జాన్సన్, ఒకదాని వెనక హైమన్, మూడోదాని వెనక మార్నర్. పేరూ నంబరూ వేయించేసరికి ఒక్కోటీ రెండొందల డాలర్లు దాటింది. ఆ ముగ్గురిలో ఒక్కడంటే ఒక్కడు ఇప్పుడు టొరంటోలో లేడు.

సరిగ్గా అప్పుడే మావాడు మెట్ల మీంచి తొంగిచూసి, "డాడీ, ఈ సీజన్‌కి నాకు కొత్త జెర్సీ కావాలి" అన్నాడు. ఒళ్లు మండింది. "మనం కొన్న ఏడాదిలోనో రెండేళ్లలోనో వాడు ఊరు వదిలేస్తాడ్రా, నీకింకా అర్థం కాలేదా?" అన్నాను. "ఇప్పుడలా కాదు డాడీ, క్యాప్ పెరిగింది" అన్నాడు, పదిహేనేళ్ల వెధవ, బడ్జెట్ చదివే ఆర్థికమంత్రిలా మొహం పెట్టి.

ఆ క్యాప్ అన్న మాట నా దగ్గర ఎత్తకూడదు. దానివల్లే నాకు ఆరొందల డాలర్లకు పైగా బొక్క.

మీకు ఐపీఎల్ వేలం తెలుసు కాబట్టి చెప్పడం తేలికే. మన సన్‌రైజర్స్ 2025 వేలానికి ముందే ఐదుగురికి 75 కోట్లు రాసేసి, పర్సులో ఉన్న 120లో మిగిలిన 45 కోట్లతో మిగతా జట్టంతా కొనుక్కున్నారు చూడండి, సరిగ్గా అదే కథ. ఇక్కడి హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో ఆ పర్సు పేరు శాలరీ క్యాప్. దానికోసం యజమానులు 2004-05లో ఒక సీజన్ మొత్తం ఆటే ఆపేశారు. చివరికి ఆటగాళ్లు క్యాప్‌కి ఒప్పుకోవడమే కాదు, అప్పటికే సంతకాలు పెట్టిన ఒప్పందాల్లో కూడా 24 శాతం వదులుకున్నారు. మొదటి ఏడు క్యాప్ 3.9 కోట్ల డాలర్లు. 2025-26లో 9.55 కోట్లు. మన పర్సుకీ దీనికీ ఒకటే తేడా. ఇది లీగ్ ఆదాయాన్ని పట్టుకుని వేలాడుతుంది. 2013 నుంచి ఆదాయంలో ఆటగాళ్ల వాటా సగం. హాళ్లు నిండితే క్యాప్ లేస్తుంది, నిండకపోతే కూలబడుతుంది.

ఆఖరికి కెనడా డాలరు పడినా కూలబడుతుంది. ఇక్కడి జట్లు టికెట్లమ్మేది కెనడా డాలర్లలో, జీతాలిచ్చేది అమెరికా డాలర్లలో. 2014 చివర్లో చమురు ధర పడి మా డాలరు పడిపోతే, 7.3 కోట్లవుతుందనుకున్న క్యాప్ 7.14 దగ్గర ఆగింది. ఇంటికి డబ్బు పంపేముందు రోజుకి నాలుగుసార్లు రేటు చూసుకునే మా జాతికి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

సరే, నా జెర్సీల సంగతి. లీఫ్స్ వాళ్లు 2018, 19ల్లో నలుగురు కుర్రాళ్లకి పెద్ద పెద్ద ఒప్పందాలు రాశారు: టవారెస్, మాథ్యూస్, మార్నర్, నైలాండర్. నలుగురికీ కలిపి ఏడాదికి 4.05 కోట్లు. క్యాప్ 8.15 కోట్లు. అంటే ఇరవై మూడు మంది ఉండే పంక్తిలో నలుగురి విస్తళ్లలోనే సగం వంట. "పర్లేదు, వచ్చే ఏడు ఇంకా వండుతారు" అన్నది ధీమా. 2020 మార్చి మొదటి వారంలో లీగే చెప్పింది, వచ్చే సీజన్ క్యాప్ 8.4 నుంచి 8.82 కోట్ల దాకా ఉండొచ్చని. రెండో వారంలో కరోనా వచ్చి ఆట ఆగిపోయింది. క్యాప్ 8.15 దగ్గర గడ్డకట్టుకుపోయింది.

అప్పటికి మా జాన్సన్ జెర్సీ వయసు పది నెలలు. ఏడాదికి 34 లక్షల డాలర్ల జాన్సన్‌ని ఆ అక్టోబర్‌లో న్యూజెర్సీకి పంపేశారు. బదులుగా ఒక కుర్రాడొచ్చాడు. అయితే అసలు కావలసింది ఆ కుర్రాడు కాదు, ఆ 34 లక్షల ఖాళీ. మావాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అందుకని తర్వాతి పుట్టినరోజుకి హైమన్ది కొన్నాను. ఇతను టొరంటో పిల్లాడే, ఒళ్లు దాచుకోకుండా ఆడతాడు, పైగా పిల్లల కథల పుస్తకాలు రాస్తాడు. ఇలాంటివాణ్ని ఎవరు పంపుతారు? 2021 జూలైలో ఎడ్మంటన్ వెళ్లిపోయాడు. అక్కడ ఏడేళ్లకి ఏటా 55 లక్షలిచ్చారు. ఇక్కడ అంత ఖాళీ లేదు. 2023-24లో అక్కడ 54 గోల్స్ కొట్టాడు. ఫైనల్లో ఏడో ఆట దాకా జట్టు వెళ్లింది. మావాడు ఆ రాత్రి, పొట్టయిపోయిన టొరంటో జెర్సీలో ఇరుక్కుని కూర్చుని, ఎడ్మంటన్‌ గెలవాలని అరిచాడు.

నేను కనిపెట్టిందేమిటంటే, క్యాప్ కుంగినప్పుడు పెద్దవాడి సంతకం చెక్కు చెదరదు. చిన్నవాడి జీతం అప్పటికే నేల మీదుంటుంది, ఇంకెక్కడికి పడుతుంది? మధ్యలోవాడు పోతాడు. జాన్సన్, హైమన్, అందరూ మధ్యవాళ్లే. నా ఖర్మకొద్దీ మావాడికి నచ్చేవాళ్లు కూడా మధ్యవాళ్లే. అలా ఖాళీ అయిన చోట్లలోకి 2020లో జో థార్న్‌టన్ వచ్చాడు. నలభై ఒకటేళ్లు, ఒకప్పుడు లీగ్‌లోనే మేటి ఆటగాడిగా బహుమతి అందుకున్నవాడు. 7 లక్షలకి, అంటే కనీస వేతనానికి. మా మిస్సిసాగాలో పెరిగిన స్పెజ్జాదీ అంతే. కాస్త క్యాప్ మిగుల్తుందని ఒకరోజు స్పెజ్జాని, ఎవరైనా ఎత్తుకుపోవచ్చన్న జాబితాలో పెట్టారు. "ఎవరైనా తీసుకుంటే రిటైరైపోతాడు" అని అతని ఏజెంటు ముందే కబురంపాడు. ఎవరూ ముట్టుకోలేదు. ఆ రోజు నాకు అతని మీద పుట్టిన గౌరవం ఇంతా అంతా కాదు. జెర్సీ మాత్రం కొనలేదు.

ఇవన్నీ ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకి చెబుతుంటాను. ఆయన రిటైర్డ్ మాస్టారు. అలవెన్సుల్లో పైసా తేడా వచ్చినా పసిగడతారు. ఎస్క్రో గురించి చెప్పాను. ప్రతి జీతంలోంచీ కొంత పట్టి పక్కన పెడతారు, ఏడాది చివర లెక్క చూసి ఆటగాళ్లకి సగానికి మించి ముట్టిందని తేలితే ఆ పైది యజమానులకి వెళ్లిపోతుంది. 2020-21లో అలా పట్టింది 20 శాతం, ఇంకో 10 శాతం జీతం వాయిదా. అయినా బాకీ తీరలేదు. తీరేదాకా క్యాప్ ఏడాదికి 10 లక్షలకి మించి పెరగకూడదని రాసుకున్నారు.

"ఒరేయ్, ఇది రివర్స్ పీఆర్సీ కదరా!" అన్నారాయన. 2022 జనవరిలో, 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న ఆంధ్రా ఉద్యోగులకి జీతాల సవరణలో 23 శాతం ఫిట్‌మెంట్ వచ్చినప్పటి మాట అది. "మరి వీళ్లు మన ఉద్యోగుల్లా చలో విజయవాడ పెట్టలేదా?"

"వీళ్లకి విజయవాడ లేదు నాన్నా."

"అయితే ఎస్క్రో కాదు, నక్షత్రకుడను" అన్నారు. నిజమే. బాకీ తీరేదాకా హరిశ్చంద్రుడి వెనకాలే నడిచేవాడు.

వెనక నుంచి మా ఆవిడ అందుకుంది. "ఏవండీ, ఏడాదికి ఏడు లక్షల డాలర్లవాడి కోసం, నెల పెన్షన్ మీద బతికే మామయ్యగారితో కూర్చుని ఏడుస్తున్నారా?" దానికి నా దగ్గర జవాబు లేదు. పోలిక అక్కడే తెగిపోయింది. కానీ నక్షత్రకుడి పేరు వినగానే నా మనసు తెనాలి దగ్గర మా ఊరి పందిట్లోకి వెళ్లిపోయింది.

1990 మే తుపానులో అరటి తోటలు పడుకున్నాయి. మరుసటి ఏడు శ్రీరామనవమికి చందాలు సగానికి పడ్డాయి. అయినా హరిశ్చంద్ర నాటకం ఆడించాల్సిందే. కాటిసీను హరిశ్చంద్రుడి రేటులో రూపాయి తగ్గించడానికి కమిటీకి నోరు రాలేదు, ఆయన లేకపోతే జనం రారు. చంద్రమతికి అడ్వాన్సు ఇచ్చేశారు. తెగ్గొట్టింది నక్షత్రకుణ్ని. ఏటా వచ్చే ఆ నటుడికి ఈసారి వద్దని కబురుచేసి, పద్యం పాడగల మాస్టారని మా నాన్నకి ఉత్తపుణ్యానికి ఆ వేషం కట్టారు. తీరా నాటకం రాత్రి ఆ నటుడే వచ్చాడు. వేరే ఊళ్లో కూడా పిలుపులేదేమో. గొడవ పెడతాడని కమిటీ భయపడింది. ఆయన హార్మోనియం పక్కన చాప మీద కూర్చుని, నాన్న మాట మర్చిపోయినప్పుడల్లా కింద నుంచి అందించాడు. తెల్లారి మా ఇంట్లో కాఫీ తాగి, మొదటి బస్సెక్కి వెళ్లిపోయాడు. నాన్న ఆ సంగతి ఎప్పుడూ పూర్తిగా చెప్పరు. ఆదివారం కూడా అక్కడికి రాగానే "సరే, సిగ్నల్ సరిగ్గా లేదు" అన్నారు.

సిగ్నల్ బాగానే ఉంది.

ఇక్కడివాళ్లని ఎంత తిట్టుకున్నా ఒక్క విషయంలో చేతులెత్తి దండం పెడతాను. 2013లో క్యాప్ నిజంగానే పడింది, 7.02 కోట్ల నుంచి 6.43కి. అప్పుడు జట్టుకి ఇద్దర్ని చొప్పున, క్యాప్ లెక్కలోకి రాకుండా వదిలించుకోవచ్చన్నారు. ఊరికే కాదు, బాకీలో మూడింట రెండొంతులు కట్టాలి, మిగిలిన ఏళ్లకి రెట్టింపు ఏళ్ల పాటు. న్యూయార్క్ ఐలాండర్స్ గోలీ రిక్ డిపియెట్రోని పదిహేనేళ్ల ఒప్పందంలో ఇంకా ఎనిమిదేళ్లుండగా ఇంటికి పంపారు. అందుకని 2029 దాకా, ఏటా 15 లక్షల డాలర్లు అతనికి వెళ్తూనే ఉంటాయి. మా నక్షత్రకుడికి కనీసం బస్సు చార్జీ ఎవరన్నా ఇచ్చారో లేదో. అలాగని మనవాళ్లకి మనసు లేదంటే మాత్రం ఊరుకోను. ఇక్కడ వదిలించుకున్నవాడి ఇంట్లో కాఫీ తాగి వెళ్లినవాడు ఉంటే చూపించండి.

ఇక మార్నర్. ఇతను మధ్యవాడు కాదు కదా, నలుగురిలో ఒకడు కదా, ఎక్కడికీ పోడని మూడో జెర్సీ ధైర్యంగా కొన్నాను. 2025 వేసవిలో క్యాప్ 8.8 నుంచి 9.55 కోట్లకి ఎగిరింది. అదే వేసవిలో మార్నర్ వేగస్‌కి ఎగిరాడు. 1967 తర్వాత కప్పు మొహం చూడని ఊరు, సగం వంట తిన్నవాణ్ని ఎంతకాలం మోస్తుంది, అతను మాత్రం ఎంతకాలం తిట్లు తింటాడు? కాబట్టి "క్యాప్ పెరిగింది" అని నాకు చెప్పకూడదు.

అయినా ఆ సాయంత్రం మావాణ్ని కొట్టుకి తీసుకెళ్లాను. వెనక పేరు వేయించనన్నాను. డబ్బూ తగ్గుతుంది, బెంగా తగ్గుతుంది. వాడు కాసేపు ముడుచుకున్నాడు గానీ, తీసుకున్నాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ జెర్సీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వెనక ఎవరూ లేరేంట్రా?"

"ఇంకా సంతకం పెట్టలేదమ్మా" అన్నాడు.