పెట్రోలు మూత దగ్గర వాసన వస్తుంటే ఎప్పుడు వస్తోందో చూడండి



పట్నంలో వాడి వదిలేసిన పాత పెట్రోలు కార్లు ఇప్పుడు మన ఊళ్లకి చాలానే వస్తున్నాయి. మా ఇంట్లో ఉన్నదీ అట్లాంటిదే, 2004 మోడలు. పోయిన ఎండాకాలంలో పెట్రోలు పోసే మూత వైపు నిలబడితే గుప్పున వాసన కొట్టడం మొదలైంది. "ఇది బాగయ్యేదాకా మనవరాలిని ఎక్కనివ్వను" అని మా ఆవిడ తేల్చి చెప్పింది. మెకానిక్ మూత మార్చాడు. వారం బాగానే ఉంది. ట్యాంకు నింపిన రోజు మళ్లీ అదే వాసన.

ఆ "నింపిన రోజు" అన్న మాటలోనే సగం జవాబు ఉందండీ. సగం ట్యాంకు ఉన్నప్పుడు లేని వాసన నిండుగా పోస్తే వస్తోందంటే లీకు పైభాగంలో ఉన్నట్టు. పెట్రోలు ఆ ఎత్తుకి వచ్చినప్పుడు, మలుపుల్లో అటూ ఇటూ ఊగినప్పుడు బయటికి తడి కొడుతుంది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టినప్పుడే వస్తే ఆవిరి పోతున్నట్టు, మూత లోపలి రబ్బరు వాచరు ముందు చూసుకోవాలి. ఎప్పుడూ వస్తూ కింద నేల తడిగా ఉంటే ట్యాంకో, ఇంజనుకు పోయే లైనో. అప్పుడిక బండి తీయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

మూత కింద ఏముందో చాలామంది చూసి ఉండరు. ఇనప గొట్టం ఒకటి కిందికి దిగుతుంది. దాన్ని ట్యాంకుకి కలిపేది రబ్బరు గొట్టం. పక్కనే సన్నటి గాలి గొట్టం ఇంకోటి. పెట్రోలు దిగుతుంటే లోపలి గాలి దాంట్లోంచి పైకి రావాలి, లేకపోతే మూతి చిన్న డబ్బాలో నీళ్లు పోసినట్టు గుబగుబమని ఎగదన్నుతుంది. ఇవన్నీ ఉండేది వెనక చక్రం గూటి పక్కనే. పట్నం బండికి అక్కడ దుమ్ము పడుతుంది, మన బండికి పొలం బురద. ఆ బురద గట్టిపడి తేమ పట్టి ఉంచుతుంది, ఇనుము తుప్పు పడుతుంది.

నేను ఇంజను చల్లారాక ఆరుబయట పెట్టి, బురద గీకి, అతుకులు పొడిగుడ్డతో తుడిచి ముఖానికి రాసుకునే పౌడరు అద్దాను. మర్నాడు పొద్దున నింపుకొచ్చి టార్చిలైటు వేసి చూస్తే రబ్బరు గొట్టం కింది క్లిప్పు దగ్గర పౌడరు తడిసి ఉంది. వంచి చూస్తే ఎండిన మడిలా నెర్రెలు. ఇరవై ఏళ్ల రబ్బరు మరి. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు దానికోసం చేసింది కాదు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు మార్చుకోవాల్సి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది.

కొత్త గొట్టం, గాలి గొట్టం, క్లిప్పులు అన్నీ ఒకేసారి మార్పించాను. షాపులో ఇథనాల్ పెట్రోలు తట్టుకునేది కావాలని అడగండి. స్ప్రేయరు గొట్టం ముక్క కోసి బిగించడం చూశాను, అది ఉబ్బి మెత్తబడి జారిపోతుంది. బంకులో పైపు టక్కుమని ఆగాక ఇంకో రూపాయి రౌండ్ చేయమని పోయించకండి. ఆవిరి పట్టే బొగ్గు డబ్బా ఉన్న కార్లలో అది పెట్రోలుతో తడిసి పాడవుతుంది.

అసలు భయం వేరే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల పట్టుకుని పాకుతుంది. మనం బండి పెట్టేది పశువుల కొట్టం పక్కన. సాయంత్రం దోమలకు పొగ వేస్తాం, ఇవతల నీళ్ల పొయ్యి, గోడకి మోటారు స్టార్టరు. స్టార్టరు పడ్డప్పుడల్లా లోపల నిప్పురవ్వ లేస్తుంది. వాసన ఉన్నన్నాళ్లూ బండి బయటే, గాలి ఆడేచోట ఉంచండి. నోటితో పైపు పెట్టి పెట్రోలు లాగొద్దు. ట్యాంకుకి చిల్లి ఉందని తేలితే, ఖాళీ చేశాం కదా అని వెల్డింగుకి ఇవ్వొద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలేది ఆవిరే, అదే పేలేది. వేరే ట్యాంకు వేయించుకోండి.

ఇప్పుడు వాసన లేదు, మనవరాలు ఎక్కుతోంది. దమ్ము చేల నుంచి వచ్చిన రోజు ఆ చక్రం గూట్లోకి పైపుతో నీళ్లు కొడుతున్నాను.