నెలకి ఇరవై సెకన్లు

మా ఇంట్లో టైము చెప్పే వస్తువులు ఆరున్నాయి. గోడ గడియారం, రెండు సెల్‌ఫోన్లు, వంటింట్లో మైక్రోవేవ్, మావారి వాచీ, నా వాచీ. ఇన్నుండీ, గుంటూరు నుంచి మేం బయల్దేరి ఏ పెళ్ళిలోనూ ముహూర్తానికి అందుకున్న పాపాన పోలేదు. అమరావతిలో మా అత్తగారికి ఉన్నది ఒకే ఒక్క చేతివాచీ. ఆవిడ జన్మలో బస్సు తప్పిపోయి ఎరగరు.

అమరావతి అంటే కొత్త రాజధాని అనుకునేరు. కాదు. అమరలింగేశ్వరస్వామి గుడీ, కృష్ణ ఒడ్డూ, స్తూపం దిబ్బా ఉన్న పాత అమరావతి. అత్తగారు అక్కడ బళ్ళో టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. బడిగంట ఆవిడ వాచీ చూసే కొట్టేవారట. గోడ గడియారం ఉండేదిగానీ దాన్ని ఎవరూ నమ్మేవారు కాదట.

ఆ వాచీ 1989లో కొన్నది. ఆ ఏడు మిరపకాయలకి నాలుగు డబ్బులు ఎక్కువొచ్చాయట. మావయ్యగారు గుంటూరులో టిక్కీలు అమ్మేసి, తుమ్ముకుంటూ ఇంటికొచ్చి, జేబులోంచి చిన్న పొట్లం తీసి ఇచ్చారట. పొట్లం విప్పగానే అత్తగారికీ తుములే. "ఆయన ఇచ్చిన కానుకలన్నీ నాకు కళ్ళనీళ్ళు తెప్పించినవే" అని ఆవిడ నవ్వుతూ చెబుతుంటారు.

అది ఆల్విన్ వాచీ. హైదరాబాద్ ఆల్విన్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫ్రిజ్‌లూ, బస్సు బాడీలూ చేసిన కంపెనీ. జపాన్ సైకో వారి సహకారంతో వాచీలు కూడా చేసింది. ఇప్పుడా కంపెనీ లేదు. ఇన్నేళ్ళూ సెల్లు మార్చడం తప్ప ఆ వాచీకి ఏ వైద్యమూ అవసరం రాలేదు. ప్రతి నెలా ఒకటో తారీకున మాత్రం అత్తగారు రేడియోలో వార్తల ముందు వినపడే కూతలకి దాన్ని సరిచేసుకునేవారు. నెలకి ఇరవై సెకన్లు ముందుకి పోయేదట. జీతాల రోజు గనక మరిచిపోయేది లేదు. జీతం పింఛను అయింది, మావయ్యగారు పోయారు, రేడియో బదులు సెల్‌ఫోను వచ్చింది. ఒకటో తారీకు అలవాటు మాత్రం పోలేదు.

కిందటేడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాచీ ఆగిపోయి ఉంది. "సెల్లు వేయించుకురా అమ్మాయ్" అని నా చేతికిచ్చారు. గుంటూరులో ఒక దుకాణంలో ఇచ్చి, కూరలు కొనుక్కుని గంటలో తిరిగొచ్చాను. వాచీ టకటకా నడుస్తోంది.

"మిషనే మార్చేశానమ్మా! ఇంక పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు దుకాణం అబ్బాయి, మహోపకారం చేసినవాడిలా.

"పాతదేది?" అన్నాను.

కాళ్ళ దగ్గరున్న డబ్బా చూపించాడు. అందులో అలాంటివే గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి. ఏది మాదో అతనికీ తెలీదు, నాకూ తెలీదు. పోట్లాడదామంటే అతని మొహంలో ఇంత కపటం లేదు. నడవని వాచీ ఇచ్చాను, నడిచే వాచీ ఇచ్చాడు. మూడొందలయాభై ఇచ్చి వచ్చేశాను.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. తప్పు అతనిది సగమే. వాచీ ఇస్తూ అత్తగారితో, "సెల్లు వేయించాను అత్తయ్యా" అన్నది నేను. నవలల్లో పాత్రల చేత ఎన్నో అబద్ధాలు ఆడించినదాన్ని, సొంతంగా ఒకటి ఆడి మూడు నెలలు నిద్రకి దూరమయ్యాను.

అప్పుడు నాకో బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. అచ్చం అలాంటి పాత వాచీ ఇంకోటి కొని, దాని మిషను తీసి ఇందులో వేయిస్తే? అత్తగారికి తెలియదు, నా పాపం పోతుంది! ఆ విధంగా, బి.ఏ.లో చరిత్ర చదివి సైన్సంటే ఆమడదూరం పరుగెత్తే నేను, పాత వాచీల ప్రపంచంలో అడుగుపెట్టాను.

మొదటి వాచీ ఫోనులో ఫొటో చూసి కొన్నాను. పద్ధెనిమిది వందలు. "కొత్తదానిలా ఉంది" అని రాశాడు అమ్మినాయన. నిజమే, కొత్తదానిలాగే ఉంది. ఎందుకుండదు? డయల్‌కి రంగు కొత్తగా వేశారు, కంపెనీ పేరు కొత్తగా అచ్చేశారు. లోపల చూస్తే ప్లాస్టిక్ మిషను, అదీ కొత్తదే! ఆల్విన్ తాలూకుది వెనకమూత ఒక్కటే. దాన్ని పట్టుకుని బెజవాడలో ఒక వరండాలో చిన్న బల్ల వేసుకుని కూర్చునే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. కంటికి భూతద్దం పెట్టుకుని ఒక్క నిమిషం చూసి, "ఎంత పెట్టారమ్మా?" అన్నాడు. చెప్పాను. భూతద్దం తీసి నావైపు జాలిగా చూశాడు. ఆ జాలే నాకు గురువైంది.

క్వార్ట్జ్ అంటే ఒక రాయి. అందులో చిన్న పలుకు మీద విద్యుత్తు పెడితే అది వణుకుతుంది. సెకనుకి సరిగ్గా 32,768 సార్లు. ఆ లెక్కని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే ఒకటి మిగులుతుంది. ఆ ఒకటే మన సెకన్ల ముల్లు వేసే ఒక్కడుగు. క్వార్ట్జ్ రాయితో నడిచే మొదటి చేతివాచీని సైకో వారు 1969 డిసెంబరు 25న టోక్యోలో అమ్మకానికి పెట్టారు. ధర నాలుగున్నర లక్షల యెన్లు. ఆ రోజుల్లో అక్కడ ఒక కారు వచ్చేదట ఆ డబ్బుకి! ఇప్పుడు తిరనాళ్ళలో అమ్మే వాచీలో కూడా అలాంటి రాయే ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. కీ ఇచ్చే వాచీ ఎంత మంచిదైనా రోజుకి కొన్ని సెకన్లు తేడా వస్తుంది. సాధారణ క్వార్ట్జ్ నెల మొత్తానికి పదిహేను, ఇరవై సెకన్లు. అంటే టైము విషయంలో నమ్మదగినది చవకైపోయింది. అందుకే పాత క్వార్ట్జ్ వాచీ విలువ అది టైము సరిగ్గా చెప్పడంలో లేదు. అది ఏదై పుట్టిందో ఇంకా అదే అయి ఉండటంలో ఉంది.

"కీ వాచీలో పన్ను విరిగితే ఇంకో వాచీలోంచి తెచ్చి వేస్తాను. హెచ్.ఎం.టి. వాళ్ళ వాచీల కంపెనీ మూసేయాలని 2016లో నిర్ణయించినా, ఆ కీ వాచీలకి మరో యాభై ఏళ్ళు భయం లేదు. ఇందులో సర్క్యూట్ పోతే నేనేం చెయ్యను? దాన్ని నేను చెయ్యలేను, చేసే కంపెనీ లేదు. అందుకే మిషన్ మొత్తం పారేస్తారు" అన్నాడాయన. అందువల్ల అసలు మిషనుతో, అసలు డయల్‌తో, అసలు ముళ్ళతో ఇంకా నడుస్తున్న పాత క్వార్ట్జ్ దొరకడమే అరుదట.

ఆయన దగ్గర మూడు ఆదివారాలు నేర్చుకున్న చదువు మీకూ పనికొస్తుందేమోనని చెబుతున్నాను. పాత వాచీ కొనేటప్పుడు వెనకమూత తీసి చూపించమనండి. తీయనన్నవాడి దగ్గర కొనకండి. డయల్ మీదున్న పేరూ, లోపలి మిషనూ ఒక ఇంటివేనా అని చూడండి. పేరులోని అక్షరాలు భూతద్దంలో సన్నగా, అంచులు తెగినట్టుండాలి. ముద్దగా అలుక్కుపోయి ఉంటే అది రెండోసారి అచ్చేసిన డయల్. సెల్లు కూర్చునే చోట పచ్చగానో తెల్లగానో చిలుము పట్టి ఉంటే లోపలికి రసం కారిందన్నమాట. అక్కడ కాయిల్‌కి చుట్టిన రాగితీగ మన వెంట్రుక కన్నా సన్నం. దాన్ని ఆ రసం తినేస్తుంది. అందుకే ఆగిపోయిన వాచీని సెల్లుతో సహా బీరువాలో దాచకండి. సెల్లు తీసేసి దాచండి. మనం భద్రం అనుకుని చేసే పనే దాని ప్రాణం తీస్తుంది.

ఇంకో తమాషా. కొన్ని వాచీల్లో సెకన్ల ముల్లు ఒక్కొక్క సెకనూ నడవకుండా రెండేసి, నాలుగేసి సెకన్లకి ఒక్క గెంతు గెంతుతుంది. పాడైపోయిందని చవగ్గా అమ్మేస్తారు. నిజానికి అది జబ్బు కాదు, "సెల్లు అయిపోవచ్చింది, చూసుకోండి" అని వాచీ మనకి చేసే మనవి. ఇంట్లో ఆడవాళ్ళు చెప్పే మాటల్లాగే దాన్నీ ఎవరూ పట్టించుకోరు!

ఇవన్నీ అయ్యాక, వారం రోజులు చేతికి పెట్టుకుని చూడాలి. రెండు సెకన్లో మూడు సెకన్లో, తేడా ఎంతైనా ఫరవాలేదు. రోజూ ఒకేలా ఉండాలి. ఇవాళ ముందుకీ రేపు వెనక్కీ పోయేదాన్ని నమ్మలేం.

మూడో ఆదివారం పెద్దాయన సొరుగులోంచి ఒక వాచీ తీశాడు. ఆల్విన్. అచ్చం అత్తగారిదే! నేను చెయ్యి చాపేలోగా ఆయన మొదలుపెట్టాడు. "కీ అసలుది కాదమ్మా, నేను వేసింది. అద్దం మార్చాను. డయల్ మీద ఆరు దగ్గర చిన్న మచ్చ ఉంది, చూడండి. నెలకి అరనిమిషం ముందుకి పోతుంది. మిషన్ మాత్రం పుట్టినప్పటిది. తొమ్మిదొందలు."

"ఇన్ని లోపాలు మీరే చెప్పేస్తే ఎవరు కొంటారండీ?" అన్నాను.

"కొనకముందు చెబితే అది ధరలో పోతుందమ్మా. కొన్నాక తెలిస్తే మనిషి మీద నమ్మకంలో పోతుంది" అన్నాడు వాచీ తుడుస్తూ.

తొమ్మిదొందలూ ఇచ్చాను. "దీని మిషను తీసి మా అత్తగారి వాచీలో వేస్తారా?" అని అడగవలసినదాన్ని, అడగలేకపోయాను. అక్కణ్ణుంచి తిన్నగా అమరావతి బస్సెక్కాను.

అత్తగారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. కూర్చోకుండానే చెప్పేశాను. "అత్తయ్యా, మీ వాచీకి మార్చింది సెల్లు కాదు, మిషను. పాతది పారేశారు. మీకు అబద్ధం చెప్పాను."

ఆవిడ చెయ్యి ఆగలేదు. "తెలుసు" అన్నారు.

"ఎలా తెలుసు?"

"ఫిబ్రవరి ఒకటిన సరిచెయ్యబోతే సరిచెయ్యడానికి ఏం లేదు. మార్చి ఒకటినా అంతే. ముప్ఫై ఏళ్ళకి పైగా ఇరవై సెకన్లు ముందుకి పరిగెత్తిన మనిషి ఒక్కరోజులో బుద్ధిమంతుడైపోతే అనుమానం రాదూ?"

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వే చెబుతావేమోనని చూశాను."

దానికి నా దగ్గర జవాబు లేదు. చిక్కుడుకాయల గిన్నె నావైపు జరిపారు. నేనూ ఈనెలు తియ్యడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆవిడే అన్నారు.

"ఏటా పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్ళేదాన్ని. అక్కడ నమూనా స్తూపం ఉందిగా, దాన్ని చూపించేముందే చెప్పేదాన్ని. ఇది నమూనా పిల్లలూ, అసలు రాళ్ళు చాలా మద్రాసులో ఉన్నాయి, లండన్‌లో ఉన్నాయి అని. చెప్పి చూపిస్తే నమూనా అయినా పిల్లలు కళ్ళింత చేసుకుని చూసేవాళ్ళు. చెప్పకుండా చూపిస్తే అది మోసం అమ్మాయ్."

నేను తల వంచుకునే ఉన్నాను. ఆవిడ గొంతు కొంచెం మారింది. "పాతదాన్ని ఒక్కసారి నాకు చూపించి పారేస్తే బాగుండేది. లోపల ఎలా ఉంటుందో నేనెన్నడూ చూళ్ళేదు."

ఆ ఒక్క మాటకి మాత్రం ఏ పరిహారమూ లేదు. అది నాతోనే ఉంటుంది.

కొన్న వాచీ తీసి చేతిలో పెట్టాను. దీని మిషను దాన్లో వేయిస్తానన్నాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి, "ఇంకొకరి ఇంట్లోంచి తెచ్చి మావయ్య ఇంట్లో పెడతావా? దేని మిషను దాన్లోనే ఉండనీ. ఇది నువ్వు పెట్టుకో" అన్నారు. తన వాచీ ఎప్పట్లాగే ఎడంచేతికి ఉంది. కొత్త మిషనుతో, పాత పట్టీతో.

అప్పట్నించీ ఆ మచ్చ వాచీ నా చేతికుంది. ప్రతి నెలా ఒకటో తారీకు పొద్దున్నే అత్తగారి ఫోను వస్తుంది.

"నీది ఎంత పోయింది?"

"ముప్ఫై సెకన్లు ముందుకి అత్తయ్యా."

"బాగుంది. సరిచేసుకో" అంటారు, ఇరుగుపొరుగువారి పిల్లాడి అల్లరి విని మురిసిపోయేవాళ్ళలా. నేను కీ లాగి ముల్లు ఆపి, ఫోనులో టైము చూసి మళ్ళీ నొక్కుతాను. అవతల ఆవిడా అదే చేస్తున్నారని ఈమధ్యే తెలిసింది. సరిచెయ్యడానికి ఏమీ లేకపోయినా కీ లాగుతారట. ఒక్క క్షణం ఆపి మళ్ళీ నొక్కుతారట. దాంతో ఆ బుద్ధిమంతురాలి టైము కాస్తా ఇప్పుడు నాలుగైదు సెకన్లు వెనకపడింది!

ఇంతకీ పెళ్ళిళ్ళకి ముహూర్తం వేళకి అందుకుంటున్నారా అంటారా? లేదు. నా వాచీ ముందుకి పోతున్నా మేం ఎప్పట్లాగే వెనకే. అది మాత్రం వాచీ లోపం కాదు సుమండీ. కావాలంటే వెనకమూత తీసి చూపిస్తాను.