బాణం లేకుండా నారి వదిలితే



పోయిన ఆగస్టు 9న ర్యాలీలో మా విల్లు విరిగిన సంగతి చాలామందికి తెలుసు. ఎందుకు విరిగిందో మాత్రం తలా ఒక మాట అంటున్నారు. పాతదని ఒకరు, పురుగు పట్టిందని ఒకరు. అదేం కాదు, తప్పు మాదే. అందుకే రాస్తున్నాం, కొంచెం పొడుగవుతుంది.

విల్లు మా తాతది. వెదురు విల్లు, నారి కూడా వెదురు బద్దే. ఈ మధ్య భూమి పండుగకి తప్ప అటక దిగట్లేదు. ఆదివాసీ దినోత్సవానికి కావాలని అడిగితే తాత రెండు బాణాలతో సహా ఇచ్చాడు. హాస్టల్లో సార్ ఆ బాణాలు తీసి బీరువాలో పెట్టారు. ఇనుప మొన కదా, ఎవరికైనా గుచ్చుకుంటుందని. ఆ మాట సబబే. కానీ మా చేతిలో ఉత్త విల్లు మిగిలింది.

ఇంక వరండాలో ఒకరి తర్వాత ఒకరం లాగడం, వదలడం. టప్పుమని సౌండ్ వస్తే నవ్వులు. వారం రోజులు ఇదే ఆట, ఏమీ కాలేదు. ర్యాలీ రోజు ఫొటో కోసం చెవి దాకా లాగి వదిలాం. పొయ్యిలో వెదురు పేలినట్టు చప్పుడు! కింది సగం నిలువునా చీలింది. పేడు ఎగిరి మాలో ఒకడికి కనుబొమ్మ మీద తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. ఇంకొంచెం కిందికి తగిలుంటే కన్ను పోయేది.

మేము ఫిజిక్స్ చదివేవాళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సిగ్గనిపించి, రాత్రి నోట్సు తీసి లెక్క వేశాం. 18 కిలోల బలం పట్టే విల్లును అర మీటరు లాగామనుకోండి. బలం సున్నా నుంచి మెల్లగా పెరుగుతుంది కాబట్టి సగమే లెక్క, సుమారు 45 జౌల్స్. నాలుగున్నర కిలోల రాయి మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తి అది. 20 గ్రాముల బాణం సెకనుకు 55 మీటర్ల వేగంతో పోతే అందులో 30 జౌల్స్ అదే పట్టుకుపోతుంది. బాణం లేకపోతే? నారికి తోయడానికి బరువేం లేదు. విల్లు చివరలు మామూలు కన్నా వేగంగా ముందుకొస్తాయి, నారి బిగుసుకోగానే ఒక్కసారిగా ఆగిపోవాలి. మిగిలిన శక్తంతా వెనక్కి విల్లులోకే, నారిలోకే పోయి వణికిస్తుంది. వెదురు పీచు నిలువుగా ఉంటుంది కనుక చీలిక కూడా అటే. వరండాలో ఆడిన ప్రతిసారీ కంటికి కనపడని పగులు కొంచెం కొంచెం పెరిగిందని మా అనుమానం. 'నిన్న ఏం కాలేదు కదా' అనేది లెక్కలోకి రాదు.

మరీ తేలిక బాణం పెట్టినా కొంతవరకు ఇదే బాధ. పోటీల్లో వాడే కాంపౌండ్ విల్లులకైతే చక్రాలు వంకర పోతాయి, తీగ పట్టాలు తప్పుతుంది. వేలకు వేలు ఖర్చు.

ఊరికి పోయి తాత ముందు విల్లు పెట్టాం. ఆయన చీలిక మీద బొటనవేలు రాశాడు. తిడతాడనుకున్నాం. "బాణం పెట్టారా?" అని ఒక్కటే అడిగాడు. లేదన్నాం. "ఉత్త నారి వదలొద్దని చెప్పలేదా నేను?" అని తనే ఆగి, "చెప్పలేదులే. చిన్నప్పుడే హాస్టల్‌కి పంపేశాంగా, ఎప్పుడు చెప్తాం" అన్నాడు. ఆ మాటకి మాకు కుట్లు వేసినప్పటి కన్నా ఎక్కువ నొప్పి పుట్టింది.

ఈసారి ఫొటోలకి విల్లు పట్టేవాళ్లు దయచేసి ఊరికే పట్టుకోండి. లాగితే మాత్రం వదలకుండా, నారి పట్టుకునే మెల్లగా వెనక్కి దించండి.

చలికాలంలో తాతతో పోయి వెదురు కొట్టుకొచ్చాం. ఇప్పుడు పొయ్యి పైన అటక మీద పొగకి ఆరుతోంది. చెక్కడం మాకు నేర్పుతానన్నాడు, ఎండాకాలం సెలవులు ఎప్పుడిస్తారో కనుక్కోమన్నాడు.