కాన్ఫరెన్స్‌కి పంపడం దండగ ఖర్చేనా?

"వీడియోలన్నీ యూట్యూబ్‌లో పెడతారుగా, టికెట్టూ హోటలూ ఖర్చుపెట్టి పంపడం ఎందుకు?" అని ఐటీ మేనేజర్లు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. ప్రసంగం వినడమే పనైతే ఇంట్లో కూర్చుని వినొచ్చు. 2009లో వెలాసిటీ సదస్సులో ఫ్లికర్ ఇంజినీర్లు ఆల్‌స్పా, హామండ్ రోజుకు పదిసార్లకు పైగా కోడ్ విడుదల చేస్తున్న తీరును వివరించినప్పుడు, బెల్జియంలో ఉన్న ఐటీ కన్సల్టెంట్ పాట్రిక్ డెబ్వా చూసింది ఆన్‌లైన్‌లోనే. కానీ చూసి ఊరుకోలేదు. అదే ఏడాది అక్టోబరులో గెంట్ నగరంలో డెవలపర్లనీ ఆపరేషన్స్ వాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టారు. డెవాప్స్ అన్న మాట ఆ సమావేశం నుంచే వ్యాపించింది. వీడియోతోనే సరిపోయేదైతే ఆయనకు అంత శ్రమ ఎందుకు?

స్పాన్సర్ల అమ్మకాల ఉపన్యాసాలు, ఉచిత టీషర్టులు తప్ప ఇంకేమీ దొరకని సదస్సులూ బోలెడున్నాయి, ఒప్పుకుంటాను. మంచి సదస్సుల్లోనూ వేదిక మీద చాలామంది గెలిచిన కథలే చెబుతారు. ఏ టూల్ ఎక్కడ మొరాయించిందో, ఏ మైగ్రేషన్ మధ్యలో ఆపేశారో బయటపడేది టీ విరామంలోనే, అది రికార్డవదు. కాబట్టి మేనేజర్‌గారూ, టికెట్ ధర కంటే ముందు మీ టీమ్ ఇరుక్కున్న సమస్యతో కుస్తీ పట్టినవాళ్లు అక్కడికి వస్తున్నారో లేదో చూడండి. వస్తుంటే పంపండి.