తోలు బుష్షు

మా నాయన కుడిచెయ్యి మోచేతి కాడ వంకర. అన్నం ముద్ద నోటికాడికి పోయేటప్పుడు తల కాస్త పక్కకి వంచి అందుకునేవాడు. కొత్తవాళ్ళు చూసి, పుట్టుకతో వచ్చిన అవిటితనం అనుకునేవాళ్ళు. పుట్టుకతో వచ్చింది కాదు. ఒక జీపు డోరుకి రెండు బుష్షులు అరిగితే వచ్చింది. అయితే మా నాయన ఇంకో ఇంట్లో పుట్టి ఉంటే వచ్చేది కాదు. ఆ లెక్కన పుట్టుక వల్ల వచ్చిందనే చెప్పాలి.

నేను మెకానిక్కుని. నలభై ఏళ్ళుగా బళ్ళ కింద పడుకుని బతుకుతున్నా. సభల్లో మాట్లాడటం నాకు చేతగాదు. రాయమని మన పిల్లలు వెంటపడ్డారు గనక, నాకు తెలిసిందే రాస్తున్నా. నాకు తెలిసింది బండి. బండితోబాటు మా నాయన.

మా వూరు చీరాలకి పది మైళ్ళ లోపే. కొమ్మమూరు కాలవ కట్ట మీదగా దారి. మాదిగపల్లె వూరికి దిగువన. మా తాతలది తోలుపని. చచ్చిన గొడ్డుని మోసుకొచ్చి, తోలు వొలిచి, తంగేడు చెక్క వేసి లందలో ఊరబెట్టి, చెప్పులు కుట్టి ఆసాములకిస్తే, కళ్ళంలో మేర గింజలు కొలిచేవాళ్ళు. దుకాణం చెప్పులొచ్చినయ్, మేర తగ్గింది. మా నాయన ఆరె, రంపె చూరులో దోపి, ఆసామి ఇంట్లో పాలేరుగా కుదిరాడు. ఆ ఇంటికి మాత్రం చెప్పులు ఆయనే కుట్టేవాడు. ఆసామికి దుకాణం చెప్పు కాలు కొరుకుద్దంట.

ఆ ఇంట్లో జీపుండేది. జీపంటే అసలు తలుపుల్లేని బండి. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికావాళ్ళు 1941 నించీ చేసిన విల్లీస్ జీపుకి తలుపులుండవు. సిపాయి దూకి ఎక్కాలి, దూకి దిగాలి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు అదే బండిని మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. మన వూళ్ళ కొచ్చేసరికి దానికి ఇనప బాడీ కట్టించి ఇనప డోర్లు పెట్టించే అలవాటొచ్చింది. ఆడవాళ్ళకి చాటు కావాలి, ఆసామికి గౌరవం కావాలి. సిపాయి బండికి తలుపొచ్చింది. తలుపొచ్చిందంటే లోపల కూర్చునేదెవరు, బయట నిలబడేదెవరు అనే లెక్క కూడా వచ్చింది.

షెడ్డులో కట్టిన డోరు బరువు. మందం రేకు, లోపల యాంగ్లర్లు. దాన్ని మోసే బందులు మాత్రం రెండే. ఆసామి జీపుకి ఎడమ డోరు, అంటే అమ్మగారు కూర్చునే వైపు డోరు, వాలిపోయింది. మూయాలంటే రెండు చేతులా పైకెత్తి గుద్దాలి. గుద్దినా లాకు సరిగా పడదు. కట్ట మీద గుంటలో చక్రం పడిందంటే తనంతట తనే తెరుచుకునేది. షెడ్డుకి పంపితే రెండు రోజులు బండి ఉండదని ఆసామి వాయిదా వేస్తా వచ్చాడు.

ఆ డోరు రోజూ ఎత్తి మూసేది మా నాయనే. కన్నుకి కనపడనిది చేతికి తెలిసింది. బందులో పిన్ను ఆడుతోంది. ఒక పొద్దున డ్రైవరుని డోరు పట్టుకోమని, పాత సీల పెట్టి గూటంతో ఒక్కో పిన్నూ కొట్టి తీశాడు. చెప్పు అడుగు తోలు రంపెతో పల్చగా చెక్కి, ఆముదంలో నానబెట్టి, పిన్నుకి చుట్టి మళ్ళీ బందులోకి దించాడు. మా నాయన బడి మొహం చూసినవాడు కాదు. బుష్షు అనే మాట ఆయనకి తెలియదు. చేసింది మాత్రం బుష్షే.

నెలన్నర ఆ డోరు చప్పుడు లేకుండా మూసుకుంది.

ఇంతలో శివరాత్రి వచ్చింది. ఇంటిల్లిపాదీ కోటప్పకొండ తిరునాళ్ళకి బయలుదేరారు. డోరు ఇంత మెత్తగా పడుతోందేమని అమ్మగారు అడిగితే, డ్రైవరు మా నాయన పనితనాన్ని మెచ్చుకుంటా తోలు సంగతి చెప్పేశాడు. అంతే. “చచ్చిన గొడ్డు తోలు పెట్టిన బండిలో దేవుడి దగ్గరికి పోవాలా?” అని ఆమె దిగి లోపలికి పోయింది. దిగేటప్పుడు ఆమె కాళ్ళకి మా నాయన కుట్టిన చెప్పులే ఉన్నయ్.

ఆ తోలు మా నాయన చేతే తీయించారు. బండి మీద పసుపునీళ్ళు చల్లారు. ఆ రెండు ముక్కలూ మొలలో దోపుకుని ఇంటికి తెచ్చాడు. మా అమ్మ, “పొయ్యిలో వెయ్యి” అంది. ఆయన వెయ్యలేదు. ఆరె, రంపె పక్కనే చూరులో దోపాడు.

డోరు మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు ఆసామికి ఒక ఉపాయం తట్టింది. “ఒరే, నువ్వు బయట ఫుట్‌బోర్డు మీద నిలబడి డోరు పట్టుకోరా.” అదీ రిపేరు. తోలు మైల. ఆ తోలు వొలిచిన చెయ్యి మైల కాదు, బయట ఉన్నంతసేపూ. అమ్మగారు పుట్టింటికి పోయినా, పెళ్ళికి పోయినా, మా నాయన జీపు బయట వేలాడతా పోయేవాడు. ఇంటికొచ్చాక కనురెప్పల మీద కూడా దుమ్ము. మా తమ్ముడు నవ్వేవాడు. నేనూ నవ్వా. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తది.

1984 కోతలప్పుడు కట్ట మీద ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. డ్రైవరు పక్కకి కోశాడు. చక్రం గుంటలో పడింది, డోరు విసురుగా తెరుచుకుంది, దాంతోబాటు మా నాయనా. కాలవ గట్టున రాళ్ళ మీద పడ్డాడు. మోచెయ్యి విరిగింది. నాటు కట్టు కట్టించారు. అది వంకరగా అతికింది. ఆసామి ఒక బస్తా వడ్లు పంపించి, “చూసుకుని నిలబడొద్దట్రా” అని కబురు చేశాడు. పనిలో ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. పుస్తకాలు కట్టేసి చీరాలలో ఒక షెడ్డులో చేరా.

షెడ్డు మా ఉస్తాద్‌ది. సాయిబు. “ఏవుఁట్లు?” అని అడక్కుండా పానా చేతికిచ్చిన మొదటి మనిషి. అడిగేవాళ్ళు బండి ఓనర్లు. “ఈ కుర్రాడు ఎవరి తాలూకా?” అంటే, “నా తాలూకా” అనేవాడు.

నేను చేరిన ఏడు నెలలకే, 1985 జులై 17న, కారంచేడులో మాదిగల మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాల వచ్చి చేరారు. ఆ శిబిరానికి మా నాయన వంకర చెయ్యి వేసుకుని వూరినించి నడిచొచ్చాడు. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళు తమకేం జరిగిందో ఏడవకుండా చెబుతుంటే విన్నాడు. ఎవరో ఆయన చెయ్యి చూసి, “ఇదెట్టా అయింది?” అని అడిగారు. అప్పటిదాకా ఎవరడిగినా “కింద పడ్డా” అనేవాడు. ఆ రోజు “పడేశారు” అన్నాడు. ఆ ఒక్క మాట మారటానికి ఎంత జరగాల్సి వచ్చిందో చూడండి. దళిత మహాసభ ఆ రోజుల్లోనే పుట్టింది. మా ఇంట్లో మాత్రం అది ఈ మాటతో పుట్టింది.

మరుసటేడు ఒక కాంట్రాక్టరు జీపు షెడ్డుకొచ్చింది. అదే జబ్బు. డోరు వాలింది. నా గుండె దడదడా కొట్టుకుంది. ఉస్తాద్ డోరుని సగం తెరిచి, చివర అంచు పట్టుకుని పైకెత్తమన్నాడు. ఎత్తా. డోరు లేచింది, బాడీకున్న బందు రెక్క మాత్రం కదల్లేదు. “బందు బోల్టులు గట్టిగానే ఉన్నయ్. లోపల బుష్షు పోయింది బేటా” అన్నాడు.

ఆ పని ఎట్టా చెయ్యాలో రాస్తా. మనవాళ్ళ పనితనం గురించి రాసేవాళ్ళు తక్కువ.

ముందు డోరు కింద జాకీ పెట్టాలి. జాకీ మీద చెక్క, చెక్క మీద గోనెపట్టా. బరువంతా జాకీ మొయ్యాలి, లేకపోతే పిన్ను రాదు. డోరు మరీ తెరుచుకోకుండా ఆపే పట్టీ వూడదియ్యాలి. పిన్నులకి ముందురోజు రాత్రే కిరసనాయిలు పొయ్యాలి. మాది సముద్రపు గాలి, తుప్పు గట్టిగా పట్టుద్ది. రెండు బందులూ ఒకేసారి విప్పకూడదు. ఒకటి అయ్యాకే రెండోది. పంచి పెట్టి సుత్తితో కొడితే పిన్ను వస్తది. తర్వాత అరిగిన బుష్షు.

ఉస్తాద్ దాన్ని నా అరచేతిలో పెట్టాడు. చిటికెనవేలు కొసంత ఇత్తడి గొట్టం. గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం కోడిగుడ్డులాగా సాగింది. బరువుకి పై బందు బయటికి గుంజుద్ది, కింది బందు లోపలికి నెడుద్ది. అందుకని పై బుష్షు ఒక పక్క అరిగితే, కింది బుష్షు దానికి ఎదురు పక్క అరుగుద్ది. కట్ట మీద దుమ్ము గ్రీజులో కలిసి ఆకురాయిలాగా పని చేస్తది. రెండు బందులకీ మధ్య నలభై సెంటీమీటర్లు, డోరు వెడల్పు తొంభై అనుకోండి. బందుల కాడ మొత్తం ఒక మిల్లీమీటరు వదులొస్తే, లాకు కాడ రెండు మిల్లీమీటర్ల పైన దిగుద్ది. ఇంకాస్త అరిగితే లాకు పట్టు దొరకదు.

కొత్త బుష్షు లేత్ మిషను మీద తిప్పించుకోవాలి. ఇత్తడైనా, గన్‌మెటలైనా. దాన్ని సుత్తితో కొట్టి దించకూడదు, నోరు చిట్లుద్ది. పొడుగు బోల్టు, రెండు వైసర్లు, నట్టు పెట్టి మెల్లగా బిగిస్తా లోపలికి లాగాలి. రీమరు తిప్పి బెజ్జం సరిచేసి, గ్రీజు రాసి, కొత్త పిన్ను దించాలి. పిన్ను వేలితో తిప్పితే తిరగాలి, పక్కకి మాత్రం ఆడకూడదు.

“ఉస్తాద్, బుష్షు ఇంత మెత్తగా ఎందుకు చేస్తారు?”

“రెండు ఇనుములు రాసుకుంటే బందు మొత్తం పోద్ది. ఏదో ఒకటి అరగాలి కదా. మార్చుకునేదే అరగాలి.”

“రెండు బుష్షులకీ ఎంతవుద్ది?”

“కూలీతో కలిపి ముప్పై రూపాయలు.”

షెడ్డు వెనక పాత టైర్ల మీద కూర్చుని ఏడ్చా. మా నాయన చెయ్యి ముప్పై రూపాయలు.

ఈ కత విన్న ఒక మిత్రుడు, “మనం బుష్షులమన్నా, వాళ్ళు పిన్నులు” అన్నాడు. వినడానికి బాగానే ఉంది. నేను మాత్రం ఒప్పుకోను. బుష్షుని అరగటానికే చేశారు. మా నాయనని అరగటానికి ఎవరూ చెయ్యలేదు. పోల్చుకుంటా పోతే అరగటమే మన ధర్మం అని మనమే రాసిచ్చినట్టవుద్ది. బుష్షు అరిగితే తప్పు బుష్షుది కాదు, పిన్నుది కూడా కాదు. అరిగిందని తెలిసీ మార్చకుండా మనిషిని నిలబెట్టినవాడిది.

ఇంకో అడ్డదారి ఉంది. చాలా షెడ్లలో బుష్షు జోలికి పోరు. బాడీకున్న లాకు కొక్కేన్ని కాస్త కిందికి దించి బిగిస్తారు. పది నిమిషాల పని. వాలిన డోరు వాలినట్టే మూసుకుంటది. ఓనరు సంతోషంగా పోతాడు. లోపల బుష్షు అరుగుతానే ఉంటది. మన వూళ్ళల్లో గొడవయ్యాక పెట్టే శాంతి కమిటీలు నాకు ఇట్టాగే కనపడతయ్. వాలింది ఎక్కడో చూడరు. దెబ్బ తిన్నవాణ్ణే ఇంకాస్త దిగి సర్దుకోమంటారు.

నాయన 2003లో పోయాడు. చూరులో ఆరె, రంపె, ఆ రెండు తోలు ముక్కలు నేను తెచ్చుకుని నా సామాను పెట్టెలో పెట్టుకున్నా. ఇప్పుడు షెడ్డు నాదే.

పోయిన ఎండాకాలం ఒక పాత జీపు వచ్చింది. ముచ్చటపడి రంగులేయించుకున్న బండి. ఎడమ డోరు వాలి ఉంది. డ్రైవరు కుర్రాడు గబగబా దిగి, చుట్టూ తిరిగొచ్చి, రెండు చేతులా డోరు ఎత్తి పట్టుకున్నాడు. లోపలినించి ఆయన దిగాడు. ఆయన మనవాడే. రిజర్వుడు సీట్లో గెలిచినవాడు. ఏ వూరో, ఏ పదవో రాయను. ఏప్రిల్ 14న దండ వేసి బాగా మాట్లాడతాడు. ఆ కుర్రాడూ మన పల్లెవాడే.

“అన్నా, మీటింగుంది. లాకు కాస్త దించి పంపు.”

“దించను. బుష్షులు మార్చాలి. బండి రేపు పొద్దున దాకా ఇక్కడే ఉంటది.”

ఆయనకి కోపమొచ్చింది. ఇంకెవరి బైకు మీదో పోయాడు. కుర్రాడు నాతో ఉండిపోయాడు. రాత్రి పిన్నులకి కిరసనాయిలు పోస్తుంటే పెట్టెలో తోలు ముక్కలు చూసి, “ఇవేంది పెదనాయనా?” అని అడిగాడు. చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన కుడి అరచెయ్యి చూపించాడు. డోరు అంచు కోసిన గీతలు. “రోజుకి ఇరవైసార్లు” అన్నాడు.

తెల్లారి పనంతా వాడిచేతే చేయించా. కింది బుష్షు వాడే లాగి కూర్చోబెట్టాడు. ఎవరో ఎప్పుడో దించిన లాకు కొక్కేన్ని మళ్ళీ పాత గుర్తు కాడికి ఎత్తి బిగించాం. ఒక్కవేలితో నెడితే డోరు టక్కున పడింది. వాడు ఒకటికి పదిసార్లు తీసి మూశాడు.

పదిగంటలకి ఆయన వచ్చాడు. కుర్రాడు అలవాటు కొద్దీ డోరు కాడికి ఉరికాడు. వాడి భుజం పట్టుకుని ఆపా.

“వద్దురా. బండి బాగయింది. నువ్వు పోయి స్టీరింగు కాడ కూర్చో.”

ఆయన నా వంక చూశాడు. వాడి వంక చూశాడు. కాసేపు ఎవరం కదల్లేదు. తర్వాత తన చేత్తో తానే డోరు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. ఆయన మనసులో ఏమనుకున్నాడో నాకు తెలియదు. డోరు మాత్రం ఎవరూ పట్టుకోకుండానే మూసుకుంది.