తలుపు వెనుక పొర

వాహనాన్ని చూసేవారు రంగును చూస్తారు. కొనేవారు ఇంజనును చూస్తారు. తలుపు లోపలి పలకను మాత్రం దానికి మోచేయి ఆనించి దినమంతా ప్రయాణం చేసే డ్రైవరు తప్ప మరెవరూ పట్టించుకోరు. పనివారు దీనిని డోర్ ప్యాడ్ అంటారు. ఇంతటి అల్ప వస్తువును గురించి కళాశాల సంచికలో వ్రాయడమేమిటని విద్యార్థి మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. ఆ పలకలో మా కుటుంబ వృత్తి చరిత్రయు, కొంత విజ్ఞానమును ఇమిడి ఉన్నందువల్లనే ఈ ప్రయత్నము.

మాది పాములపాడు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడే వరకు కర్నూలు జిల్లాలో ఉండేది. మేము దూదేకుల వారము. మా నాయన చిన్నతనంలో విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టేవారు. యంత్రాలు, స్పాంజి పరుపులు వచ్చిన పిమ్మట విల్లు అటకెక్కింది. సూది మాత్రం చేతిలో నిలిచింది. ఆ సూదితోనే ఆయన లారీ సీట్లకు రెగ్జిన్ కుట్టి మమ్ములను ఎం.ఏ. వరకు చదివించారు.

మా అన్నకు పాత పికప్ వాహనం ఒకటి ఉన్నది. మిరప, ఉల్లి బస్తాలను నంద్యాలకు చేరవేయడమే అతని జీవనాధారం. దాని డోర్ ప్యాడ్లు ఉబ్బి, రెగ్జిన్ లేచి, క్లిప్పులు ఊడిపోగా, ప్లాస్టిక్‌వి తెచ్చి బిగిద్దామన్నాడు అన్న. నాయన సమ్మతించలేదు. ఆయనకు చూపు మందగిస్తున్నది. ఇంటిలో ఆ విద్య నేర్చినవారు మరొకరు లేరు. “నా కండ్లు ఉన్నప్పుడే చూసి నేర్చుకోండి” అన్నారు. సెలవులకు వెళ్లిన మేమూ, మా అన్న కుమారుడూ ఆయనకు శిష్యులమైనాము.

హ్యాండిళ్లు విప్పి ప్యాడ్‌ను ఊడదీయగానే కారణం బోధపడింది. అద్దం జారే సందు గుండా కొంత వాననీరు తలుపులోనికి దిగడం సహజమే. అది అడుగునున్న బెజ్జాల గుండా వెలుపలికి పోవాలి. తలుపు రేకుకు, ప్యాడ్‌కు నడుమ పలుచని ప్లాస్టిక్ పొర నీటికి అడ్డుగా ఉండాలి. ఇక్కడ బెజ్జాలు మట్టితో పూడినవి, పొర చిరిగిపోయినది.

ప్యాడ్‌కు ఆధారం హార్డ్‌బోర్డు. అమెరికాలో విలియం మేసన్ 1924లో దీనిని కనిపెట్టాడు. చెక్కపేళ్లను ఆవిరి బలంతో పీచులుగా విడగొట్టి, వేడిమీద అదిమితే చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థమే జిగురుగా పనిచేస్తుంది. నీరు సోకితే ఆ పీచులు ఉబ్బి పట్టు వదులుతాయి. రెగ్జిన్ అనే మాట కూడా ఒకప్పుడు ఇంగ్లండులో తయారైన కృత్రిమ తోలుగుడ్డకు పెట్టిన వ్యాపారనామమే. నేడు ఆ పేరుతో మనకు దొరికేది ఎక్కువగా పి.వి.సి. పూత పూసిన గుడ్డ.

పాత పలకనే అచ్చుగా పెట్టి కొత్త హార్డ్‌బోర్డు కోశాము. వెనుకవైపు వార్నిష్ పూశాము. ముందువైపు పలుచని స్పాంజి అంటించి, రెగ్జిన్ బిగలాగి, అంచులు వెనుకకు మడిచాము. వంపుల వద్ద కత్తెర గాట్లు పెట్టకపోతే ముడతలు పడతాయి. జిగురును రెండువైపులా పూసి, వేలికి అంటనంతగా ఆరిన తరువాతనే అదమాలి.

అన్నిటికంటె ఎక్కువ సమయం నాయన ప్లాస్టిక్ పొరకే వెచ్చించారు. దాని అడుగు అంచును తలుపు లోపలికి మడిచి, జారిన నీరు మరల తలుపులోనే పడేటట్లు అమర్చారు. “కనపడని దానికి ఇంత పనెందుకు తాతా?” అని అడిగాడు మనుమడు. “నీళ్లను మనం ఆపల్యాం నాయనా! దావ మాత్రం చూపియ్యల్ల” అన్నారాయన. రెండవ తలుపును ఆ కుర్రవాడే పూర్తిచేశాడు. నాయన దానిని కంటితో కాక వ్రేళ్లతో తడిమి చూసి, ఒక్కచోట మాత్రం అంచు సరిచేయించారు.

చేతివిద్యలకు పాఠ్యపుస్తకాలు లేవు. నేర్చినవారి కన్ను, వ్రేలు ఉన్నంతవరకే వాటి ఆయుర్దాయం. మన విద్యార్థులలో ఎందరి ఇండ్లలోనో ఇట్టి విద్య ఏదో ఒకటి మౌనంగా ఉన్నది. దర్జీపని కావచ్చు, టింకరింగ్ కావచ్చు, కళాయి పోయడం కావచ్చు. ఆ పనిముట్ల పేర్లు, పని మెలకువలు పెద్దలనడిగి వ్రాసి వచ్చే సంచికకు పంపవలసినదని కోరుతున్నాము. అట్టి వ్యాసాలకు నాలుగు పుటలు కేటాయించమని కళాశాల సంఘం వారికి మా మనవి.